గరగర ఏ నంబర్ల?

కొత్తవాడల మూడు గల్లీలు నా లైను.
ఎవరి డాబా మీంచి ఎవరి డాబాకు వైరు దూకుతదో,
ఏ జాయింటుకు ఎప్పుడు టేపు చుట్టిన్నో
చీకట్ల గూడ చెప్తా.
కోతులు ఊగి తెంపినవి కొన్ని,
పతంగుల మాంజా కోసినవి కొన్ని.

"ముప్పై ఒకటి రాత్రికి బందైతది,
డబ్బా పెట్టుకోవాలె" అని
ఇంటింటికీ చెప్పుకుంట తిరిగిన.
తిట్టినోళ్లు తిట్టిన్రు, బేరమాడినోళ్లు ఆడిన్రు.
ఒకామె మాత్రం
పాత టీవీ ఏమన్న తప్పు చేసిందా అన్నది.

ఆడెపు చంద్రమొగిలి ఇంట్ల
మగ్గం పక్కనే టీవీ.
ముప్పై ఏండ్లు ఆయన జంపఖానాలు నేసిండు,
అది పత్తి ఎగరేసింది.
ఎనుమాముల మార్కెట్ల బోరెం పగిలినట్టు
తెరంత తెల్లగ.
ఆ దూదిలకెల్లి వార్తలామె
ఒక్క ముక్కును రెండు చేసుకొని,
తన నీడను పక్కన నిలబెట్టుకొని
ఎట్లనో అట్ల వచ్చేది.
సగమొచ్చినా వచ్చినట్టే ఆ దినాలల్ల.

డబ్బా పెట్టిన. పిన్ను గుచ్చిన.
బొమ్మ కడిగిన పళ్లెం లెక్క మెరిసింది.
నేను మురిసేలోపే, ఏడనో జాయింటు వదులై
ఆమె మొఖం గడులు గడులై ఆగింది.
చెంప ఒకతాన, కన్ను ఒకతాన,
తెరిచిన నోట్లె మాట అట్లనే.

చంద్రమొగిలి నాడె పక్కకు పెట్టి
దగ్గరికొచ్చి చూసిండు.
"పోగు తప్పింది" అన్నడు.
"గింతేనా దీని ఇగురం?
పోగు పైకి, లేదంటె కిందికి.
నడుమ ఏం లేదు.
మా తాత గిదే పని చేసిండు కదరా,
ఆయనకు డబ్బా ఎవడిచ్చిండు?"

ట్రైనింగుల రెండు దినాలు చెప్పిన్రు నాకు.
గింత తేటగ చెప్పలే.

ఫారం నింపుతున్న. పేరు, ఇంటి నంబరు, ఆధార్.
ప్యాకేజి అన్న కాడ కలం ఆగింది.
సుగుణవ్వ గడప మీద కండెలు చుట్టుకుంట
"గరగర ఏ నంబర్ల వస్తది బిడ్డా?" అన్నది.

ఏం గరగర అవ్వా?

"అదే. ఏం రానిది.
మగ్గం ఆగినంక ఇల్లు ఎండిన బాయి లెక్కయితది.
ఈయన పండుకుంటడు, నాకు నిద్ర వట్టదు.
ఏం రాని కాడ పెట్టుకొని
సప్పుడు సన్నగ చేసుకొని ఒరుగుత.
వాన వడ్డట్టుంటది."

మూడొందల నంబర్లు తిప్పిన.
భక్తి, వంట, బంగారం బేరం,
తెల్వని భాషల ఏడుపు.
ఆఖరికి నీలం తెర, నో సిగ్నల్,
అది నోరే తెరువది.
ఏం రానిది ఒక్కటి లేదు.

ఆ గడి ఖాళీగ వదిలిపెట్టిన.
ఎరుపు, పసుపు, తెలుపు పిన్నులు
ఆమె చేత్తోనే గుంజిపిచ్చిన,
పాత రిమోట్ల సున్న వత్తిపిచ్చిన.
టీవీ ఒకసారి దగ్గి
ముప్పై ఏండ్ల పత్తి కుమ్మరించింది.

"దీనికెంత నెలకు?" అన్నది.
పుస్తకంల దానికి రేటు లేదు.

గల్లి మలిగేదాక వినొచ్చింది.
ఎదురింటోళ్లు కేకేసిన్రు, బొమ్మ ఆగిందని.
పోగు తప్పింటది,
వస్తున్న అన్న.