బోర్డు మూల

నల్లబోర్డుకు కుడిపక్క, పై మూలన
రోజూ చిన్న పెట్టె ఒకటి గీస్తాం.
తరగతి: పది. రోలు: ముప్పై నాలుగు. హాజరు:
అక్కడ సుద్దముక్క కాసేపు ఆగుతుంది.

జూన్‌లో ముప్పై ఒకటి.
ఆర్డీఎస్ కాలువకు నీళ్లొచ్చినాక ఇరవై ఆరు.
ఆగస్టంటే అయిజ చుట్టూ
సీడు పత్తి పూతకొచ్చే నెల.
పదకొండు రాసి
చేతులు దులుపుకున్నాను.

హెడ్మాస్టరు గదిలో లెక్క ఇంకో తీరు.
"ఒక్కో పిల్ల మనకు
రెండు పాయింటు తొంభై నాలుగు శాతం.
ముగ్గురు తప్పితే దగ్గర దగ్గర తొమ్మిది పోయినట్టే సార్."
లెక్కల సారును నేను. తప్పు పట్టడానికేం లేదు.

మా ప్రహరీకి ఆనుకొనే ప్రైవేటు బడి ఫ్లెక్సీ,
పదికి పది తెచ్చుకున్న ముఖాలు వానకు వెలిసి.
కింది వరుసలో మూడోవాడు ఉరుకుందు,
ఏడు దాకా మావాడే.
ఎదురుగా నిలబడి చాయ్ తాగుతుంటే
నన్నే చూస్తున్నట్టుంటాడు.

శనివారం మధ్యాహ్నం బండి తీసి
కర్నూలు రోడ్డు దిగి చేన్లకు పోయాను.
నడుందాకా మొక్కలు. వాటి నడుమ
వంగిన జడలు, బడి రిబ్బన్లు.
నా తరగతి అక్కడుంది.
రిజిస్టరు లేకుండానే లెక్కపెట్టాను: తొమ్మిది.

జమ్ములమ్మ లేచి నిలబడింది, బళ్లో నిలబడ్డట్టే.
"సాలెంబడి నడువు సార్, మొక్క తొక్కుతవ్."
కుడిచేతి బొటనవేలి గోరు ఒక్కటే పొడుగ్గా పెంచింది.
సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు గిల్లడానికది.
పొద్దున మగపువ్వు తెచ్చి అద్ది
కాడకు దారం కట్టాలట.
"నూటికి ఎనభై నిల్వాలె సార్,
లేకుంటే ఆర్గనైజరు ఊకోడు."
మా హెడ్మాస్టరూ ఊకోడు అనబోయి
నేనే ఊకున్నాను.

తల్లి పక్క సాలులోంచే చెప్పింది:
"అడ్వాన్సు తిన్నం సారూ, దసరా దాంక ఇడ్సిపెట్టు."
పిల్ల మాత్రం నాతో గట్టుదాకా వచ్చి
"పేరు కొట్టెయ్యకు" అంది.
కొట్టెయ్యను.
జాలితో అనుకునేరు.
పేర్లు తగ్గితే పోస్టులు లేస్తాయి,
లేచే పోస్టుల్లో నాది ముందుంది.

ఫిబ్రవరిలో, ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతూ
సలోమి టీచర్ ఒక కాగితం నా ముందుకు జరిపింది.
పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించుము. నాలుగు మార్కులు.
పత్తిపువ్వే గీసింది జమ్ములమ్మ,
రేకు ముడత కూడా తప్పకుండా.
కేసరాలు లేవు.
కాడకు దారం కట్టి ఉంది.
ఏ భాగానికీ పేరు రాయలేదు.
"ఏమెయ్యాలె సార్?" ఎర్రపెన్ను గాల్లో పట్టుకొని అడిగింది.
నాది సబ్జెక్టు కాదు కదా, అన్నాను.

ఇరవై ఐదుగురు పాసు. డెబ్బై మూడున్నర.
జిల్లా మీటింగులో మా బడి పేరు చదివితే
హెడ్మాస్టరు లేచి నిలబడి
చాలాసేపు కూర్చోలేదు.

మళ్ళీ జూన్. బడిబాట కరపత్రాలు, ఎండ.
బోయవాడలో మూడో ఇల్లు.
గడపలో కూర్చొని జమ్ములమ్మ
సగం బ్లేడుతో చెల్లెలి గోళ్లు తీస్తోంది.
తన బొటనవేలి గోరు అట్లనే ఉంది.
సప్లిమెంటరీ ఫీజు సంగతి నేనడగలేదు, తనూ చెప్పలేదు.
"ఆరుకు రాస్కో సార్ దీన్ని," అంది తలెత్తకుండా,
"జల్ది."

మోకాలి మీద రిజిస్టరు తెరిచాను.
పెన్ను పడలేదు. అట్టమీద గీసి గీసి చూస్తున్నాను.
సందు మొదట్లో ఆర్గనైజరు జీపు ఆగిన చప్పుడు.
పిల్ల చెయ్యి గుంజుకోబోయింది.
జమ్ములమ్మ విడవలేదు.