రోజూ జనవరి ఒకటే

కుతాయిసి బస్టాండు టికెట్ల గదిలో
ఎతేరి కంప్యూటరు మళ్ళీ మొండికేసింది.
కొత్త సిస్టమ్ ముప్పై రెండు శాతం దాకా ఎక్కి
అక్కడే చతికిలబడింది, మూడోసారి.

నుగ్జారి మూత విప్పాడు.
ఫ్యాను నిండా పొద్దుతిరుగుడు పొట్టు, పిల్లి వెంట్రుకలు.
ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది, నొక్కాడు.
డిస్కులో చోటు కోసం
ఎత్తేసిన రూట్ల టైంటేబుళ్ళు తుడిచేశాడు.
ఎవరిదో పెళ్ళి వీడియో.
"అది ఉండనీ" అంది ఎతేరి.

మళ్ళీ ముప్పై రెండు.

అప్పుడు కనిపించింది మూలన తేదీ:
2009 జనవరి ఒకటి.
రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఏనాడో చచ్చింది.
కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ
దీనికి కొత్త సంవత్సరమే,
ఇంకా పుట్టని సర్వర్ల సంతకాలు
చెల్లవంటుంది, న్యాయంగానే.

ఎతేరి పడీపడీ నవ్వింది.
"మా వాళ్ళకి జనవరి ఒకటిన
గడప తొక్కిన మొదటి మనిషి పాదమే ఏడాదంతా.
ఇన్నేళ్ళూ రోజూ తొక్కింది నేనే!
దీని గతి ఇలా కాక ఎలా ఉంటుంది?"

నుగ్జారి మాట్లాడకుండా బయటికెళ్ళాడు.
గడియారాల కొట్లో బ్యాటరీ,
పక్క కొట్లో తేనె పాకం అక్రోటు ముక్క కొని
కుడికాలు పెట్టి లోపలికొచ్చాడు.

తేదీ దిద్ది, మొదటి నుంచీ.
ముప్పై.
ముప్పై రెండు.
ఇద్దరి నోళ్ళలోనూ అక్రోటు, నమలకుండా.

ముప్పై మూడు.

ప్రింటరు సంగతి
ఇంకా ఎవరూ ఎత్తలేదు.