మడ్డి

పైన చెయ్యి పెడితే చుర్రుమంటుంది.
అడుగున పెడితే ఏటి రాయి.
"రెండు చలికాలాలుగా ఇదే వరస," అంది మిసెస్ ప్రాథరో,
"దానితో పోట్లాడ్డం మానేసి
మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుంటున్నా."

వేల్సులో, రెండు కొండల నడుమ ఇరుక్కున్న వీధి.
గోడా గోడా కలిపి నలభై ఇళ్ళు.
వాన మాత్రం ఎవరి కప్పు మీద వాళ్ళకి.

తివాచీ మీద పాత దుప్పట్లు పరిచాను.
పంపు ఊడదీసి ఆ చోట నా యంత్రాన్ని బిగించి
ఒక గొట్టం లోపలికి, ఒక గొట్టం పెరటి తూముకి.
మీట నొక్కగానే
ఇల్లంతా ఒక్కసారి గొంతు సవరించుకుంది.

ముందు టీ రంగు.
తర్వాత నలుపు,
సైకిలు గొలుసు తుడిచిన గుడ్డని పిండితే వచ్చే నలుపు.
"ఇదంతా నా గోడల్లోనే ఉందా?"
బయటినుంచి వచ్చిందేం కాదన్నాను.
నీళ్ళలో నానీ నానీ ఇనుము తన్ను తానే తింటుంది.
తిన్నదంతా అడుగున చేరుతుంది.
వేడికి దారి ఉండదు.

బకెట్లో అయస్కాంతం ముంచి ఎత్తితే
తడి బొచ్చు మొలిచిన ఎలుకపిల్ల.
కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది. నవ్వింది.
"మా ఆయన గని నుంచి వచ్చి మొహం కడుక్కుంటే
సింకులో మిగిలేది ఇలాగే ఉండేది.
అది మాత్రం దేనికీ అతుక్కునేది కాదు,
నా తువ్వాళ్ళకి తప్ప."

రబ్బరు సుత్తితో ఒక్కో రేడియేటర్నీ తట్టుకుంటూ వెళ్ళాను,
పుచ్చకాయ బేరమాడేవాడిలా చెవి ఒగ్గి.
హాలు, వంటిల్లు, మెట్ల కింద, ఆమె పడకగది.
మేడ మీద వెనక గదిలోది ఉలకలేదు, పలకలేదు.
వాల్వు మూసి ఉంది. రంగు మీద రంగు పడి
తలా మెడా ఒకటైపోయింది.

"ఎనభై నాలుగులో మూశాం," అంది గుమ్మంలోంచి.
"సమ్మె. జీతం లేదు.
బొగ్గు తవ్వేవాళ్ళింట్లో బొగ్గు లేదు, చూడు!
ఒక్క గది వెచ్చగా ఉంటే చాలని
పిల్లలు ముగ్గుర్నీ మా మంచం మీదికే తెచ్చుకున్నాం.
తర్వాత తెరవాలని తోచలేదు."

నూనె చుక్కలు వేసి, స్పానరు పట్టించి, మెల్లగా...
"నీ పేరేంటన్నావు?"
స్టెఫన్.
"స్టెఫన్, ఏమిటి?"
నా వాను మీద ఇంటిపేరు రాయించలేదు.
ఈ లోయలో ప్లంబర్లెవరూ అంత జాగ్రత్తపడరు.
మాడక్, అన్నాను, వాల్వుకేసి చూస్తూ.

కాసేపు కింద యంత్రం ఒక్కటే మాట్లాడింది.
"ఐవర్ మాడక్ మనవడివి."
అడగలేదు, అంది.
తాత ఆ నవంబరులో పనిలోకి వెళ్ళాడు,
కిటికీలకి ఇనుపవల కట్టిన బస్సులో, ఒక్కడే.
రెండు వైపులా వీధి నిలబడి అరిచిందట.
ఏమని అరిచిందో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.
బడిలో చెప్పారు.

కిర్రుమంది. పావు చుట్టు. అర చుట్టు.
అన్నేళ్ళ నీళ్ళు ఒక్కపెట్టున కదిలి
గొట్టమంతా వణికింది.
వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.
డబ్బులు చేతిలో పెట్టి పొమ్మంటుందనుకున్నాను.

ఇంకో గంట పట్టింది.
నలుపు, బూడిద, కుడితి, గంజి.
చివరికి గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తితే
అవతలి కొండ కనబడింది, తలకిందులుగా.
తుప్పు పట్టకుండా మందు పోశాను. గాలి తీశాను.

వంటింటి బల్ల మీద టీ, మీద సాసరు బోర్లించి.
ఎప్పుడు పెట్టిందో, చల్లారిపోయింది. తాగాను.
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
"ఉన్నాడా?"
ఉన్నాడు. వృద్ధాశ్రమంలో. ఎవర్నీ గుర్తుపట్టడు.
"చలి తెలుస్తుందా?"
ఎప్పుడూ చలే అంటాడు.

ఏదో అనబోయి, రేడియేటర్ అడుగున
అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచి,
"ఎన్నాళ్ళుంటుంది ఇలా?" అంది.
ఏటేటా నీళ్ళు పరీక్షించుకోవాలి,
మళ్ళీ పేరుకోదని మాటివ్వలేను, అన్నాను.
"సరే. వచ్చే ఏడు చూద్దాంలే."

కొండదారి దిగుతున్నాను.
మలుపు తిరిగినప్పుడల్లా వెనక బకెట్లో మడ్డి
ఒక పక్కకి ఒరిగి,
మళ్ళీ సర్దుకుంటోంది.