ఇచ్ఛాపురంలో రెండో అధ్యాయం

తాటాకుల కట్ట విప్పింది బిసాయి దమయంతి.
అక్షరాలు ఒడియా.
పైకి చదివితే వినపడేది తెలుగు,
అదీ మా సోంపేట సంతలో బేరమాడే తెలుగు.

బరంపురం పండితుడొకాయన లిపి చూసి మురిశాడట,
రెండో పాదం చదివి కట్ట మడిచేశాడట.
నేను విశాఖ నుంచి వచ్చాను,
నోటుబుక్కులో గళ్ళు గీసుకుని మరీ:
కవి పేరు, కాలం, యుగం, ప్రక్రియ.

"ఎవరు రాసేరమ్మా ఇది?"
"రాసినోలెవులో నానేటెరుగుదును బావూ,
మా మామ్మ ఉబాలప్పుడు పాడీది.
వానెక్కువైతే కొంత కలిపీది."

కలిపీది.
ఆ మాటకి నా దగ్గర గడి లేదు.

"ఎప్పటిది?"
"పెద్ద గాలివానకి ముందటిది."
ఏ గాలివాన? ఈ ఒడ్డున
శతాబ్దాలకి బదులు తుఫాన్లుంటాయి.

ఆమె వేళ్ళు చూశాను.
జీడిపిక్కల నూనె తిని నల్లబడి, గీతలరిగిపోయి.
రేషను మిషను వాటిని గుర్తుపట్టదట.
డీలరు ముసలాడే మొహం చూసి
బియ్యం కొలుస్తాడట.

యుగాలకి రాజుల పేర్లు పెట్టిన పుస్తకాలు
నా సంచిలో భుజం లాగేస్తున్నాయి.
బాహుదా అవతల ఇంకెవరి సంచిలోనో
ఇంకో రాజుల పేర్లు.
వంతెన మీద లారీ డ్రైవర్లు మాత్రం
రెండు భాషల్లోనూ తిట్టుకుంటూ పోతున్నారు.

రాత్రి బస్సు కోసం నిలబడి
కవి పేరు దగ్గర ఏం రాయాలో తోచక
"వానెక్కువైతే కొంత కలిపీది" అని రాశాను.
గడి చాలలేదు.
గీత దాటి, పక్కనున్న కాలంలోకి
జరిగింది వాక్యం.