అర లీటరు

పొట్టంగిలో తెల్లారగట్ట నాలుగున్నర.
తాళం తిప్పితే ఒక్క గురక, అంతే.
డీజిలు నెయ్యిలా పేరిందేమోనని
ట్యాంకు కింద గోనెపట్టా ముట్టించాను.
నాలుగోసారికి దగ్గింది.
తెల్లపొగ కక్కి, వణికి,
నిలబడింది బండి.

"పోనీ గురూ" అంటాడు క్లీనరు లైచన్.
ఆగరా, నూనె ఇంకా పైకెక్కలేదు.
సుంకి ఘాటీ దిగాల.
చల్లటి బండిని నమ్మి మొదటి మలుపు తిరిగినోడి
మఫ్లరు ఇంకా ఆ పొదలోనే ఉంది.

అల్లం బస్తాలు ఎక్కించేసి
సుక్రి జాని, మరో ముగ్గురు
బానెట్ చుట్టూ చేరారు.
సంతకింకా చాలా టైముంది.
ఇంత ముందే ఎందుకొస్తారో,
సీటు కోసమనుకునేవాణ్ణి మొన్నటిదాకా.
అరచేతులు ఆనించి, తర్వాత బుగ్గ ఆనించి,
ఒకామె వీపు ఆనించి
బిడ్డకు పాలిస్తా.
ఎవరూ మాట్లాడరు.
ఇంజను ఒక్కటే ఏదో చెప్తంటది.

వేడిముల్లు నడిమికొచ్చి చాలాసేపయింది.
లైచన్ నా మొహం చూస్తాడు.
ఆగరా, అంటాను.

సాలూరులో షావుకారు రోజూ లెక్కడుగుతాడు:
"అర లీటరు ఏటైపోతందిరా?"
చలి బాబూ, అంటాను.
అబద్ధం కాదు.