మాట అందించే మనిషి

నాకు వేషం లేదు.
తెర పక్కన, చేపనూనె కంపు వదలని స్టూలు మీద కూర్చుంటాను,
ఒళ్లో రాతప్రతి, పళ్ల మధ్య చిన్న టార్చి.
ముప్పైయొక్క ఏళ్లు ఈ దీవి పోస్టాఫీసులో
ఎవరికి ఏ ఉత్తరం రాలేదో చూసినదాన్ని,
ఇప్పుడు ఎవరికి ఏ మాట రావడం లేదో చూస్తున్నాను.

బయట నవంబరు ఆఖరు. సూర్యుడు మళ్లీ జనవరిలోనే.
బడి వ్యాయామశాలలో, బాస్కెట్‌బాల్ గీతల మీదే
సుద్దముక్కతో ఒక న్యాయస్థానం గీశాం.
పాతకాలం. తుఫానులో పది పడవలు మునిగాయి.
సముద్రమే ముంచిందంటే ఎవరికీ మనసొప్పడం లేదు.

హాల్వర్ మాస్టారు రోజూ సాయంత్రం అడిగేది ఒక్కటే:
"నీ పాత్రకి ఏం కావాలి?"

వర్తకుడి వేషం వేసే ఆర్న్‌యోట్ తడుముకోలేదు.
"విధవ గూరి గుడిసె ముందున్న రేవు కావాలి.
నా చేపలు ఆరేసే పందిళ్లు అక్కడైతే గాలి బాగా తగులుతాయి."
అని నవ్వాడు. మేమూ నవ్వాం.
పోయిన వేసవిలో అతను చవగ్గా కొన్న రేవు సంగతి
ఎవరమూ ఎత్తలేదు.

పాదిరీ వేషగాడు: "ఆదివారం ఖాళీ బల్లలంటే భయం నాకు."

దండాధికారి: "కోట నుంచి ఉత్తరం వస్తుంది,
ఈ చలికాలం ఎందరిని పట్టావని.
ఎవరూ లేరని ఏ మొహంతో రాయను?"

ఇక పనిపిల్ల. ఆ వేషం ఎల్డ్రిడ్‌ది.
పగలంతా ఫ్యాక్టరీలో కాడ్ చేపల తలలు కోస్తుంది,
గోళ్ల సందుల్లో ఇంకా పొలుసులు.
చాలాసేపు తన చేతుల్నే చూసుకుంది.
"రేవొద్దు, పందిరొద్దు.
నన్నింతవరకు ఎవరూ ఏదీ అడగలేదు మాస్టారూ.
తెమ్మన్నారు, తుడవమన్నారు, పొమ్మన్నారు.
ఇవాళ నేను నోరు తెరిచేదాకా
ఒక కలం సిరాలో మునిగి, గాల్లో ఆగి ఉంది.
దాన్ని ఇంకాస్సేపు అట్లాగే ఆపాలని ఉంది."

హీటరు టిక్కుమంది.
మాస్టారు తన పెన్నుకేసి చూసుకుని, మెల్లగా మూత పెట్టాడు.

మొదటి ప్రదర్శన. మడతకుర్చీల నిండా సగం దీవి,
తడి ఉన్ని వాసన.
దండాధికారి గద్దించాడు: "ఎవరు? పేరు చెప్పు."
ఎల్డ్రిడ్ నోరు తెరిచింది.
పేరు రాలేదు.

పేరు నా టార్చి కింద ఉంది. రెండక్షరాలు. గూరి.
ఊపిరంత చప్పుడు చేస్తే చాలు, ఆ పిల్ల అందుకుంటుంది.
నేను ఏది అందిస్తే అది పలుకుతుంది.
నెలన్నరగా దానికి మేం నేర్పింది అదే.

మూడో వరసలో గున్వోర్ కూర్చుని ఉంది.
ఇరవైరెండేళ్ల కిందట పెద్దాఫీసుకి రాసింది,
నేను ఉత్తరాలు చింపి చదువుతానని.
అబద్ధం.
చింపింది ఒక్కటే, అదీ ఆవిరి పట్టి.

నాలుక మీద దాని పేరు
గాలం మింగిన చేపలా కొట్టుకుంది.
ముందు వరస మొహాలు నా కళ్లబడ్డాయి.
నాటకమని తెలిసీ
ఒక్కొక్కరూ పక్కవాళ్ల వైపు కొద్దిగా, వేలెడంత, జరిగారు.

మాట అందించేదానికి ఏం కావాలని
మాస్టారు ఎన్నడూ అడగలేదు.

"గూరి" అన్నాను.
"గూరి" అంది ఎల్డ్రిడ్.
కలం కదిలింది.
హాలంతా ఒక్కసారే ఊపిరి వదిలింది,
తన పేరు కాదని.
వదిలినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆట అయ్యాక గున్వోర్ నాకోసం కాఫీ పట్టుకొచ్చింది,
నిండుగా, ఒలకకుండా, రెండు చేతులతో.
"పేరు చెప్పేముందు ఆ పిల్ల ఎంతసేపు ఆగిందీ!
గుండె ఆగిపోయిందనుకో. కావాలనే కదూ?"

"ఆ," అన్నాను.
టార్చి మీద నా పళ్లగాట్లు
బొటనవేలితో తడుముకుంటూ,
"కావాలనే."