ఏడో గుంట

తెల్లారుజామున నాలుగున్నరకి
ముత్తుకూరు రోడ్డు మీద లారీలు ఇంకా లైట్లేసుకునే ఉంటాయి.
వెదురు గడ తీసుకుని
మొదటి పచ్చిక మీద మంచు దులుపుతా ఉంటా.
పాముని కొట్టినట్టు కాదు,
నిద్రపోయే బిడ్డ మీద దోమని తోలినట్టు.
గడ చివర నల్లబడుతుంది.
రేవులో రాత్రంతా దించిన బొగ్గు
గాలెక్కి వచ్చి ఈడ పడుకుని ఉంటుంది,
మంచుతో పాటు అదీ లేస్తుంది.

మంచు దులపకుండా మిషను పెడితే
కోసిన గడ్డి ముద్దలుగా అంటుకుంటుంది,
ఆ తడికి తెగులు.
ముందు రూపాయి బిళ్ళంత మచ్చ, మూడో రోజుకి పళ్ళెమంత.
మునిశేఖర్ సారు బ్లేడు ఎత్తు తనే కొలుస్తాడు:
మూడు మిల్లీమీటర్లు.
అంటే ఎంతని మొదటి రోజు నేనడిగితే
చెంగమ్మ నములుతా ఉన్న బియ్యంలోంచి ఒక గింజ తీసి
గోటితో సగానికి విరిచి చూపించింది.

నిన్న తూర్పు నుంచి పడమరకి కోశా,
ఇయ్యాల ఉత్తరం నుంచి దక్షిణానికి.
రోజూ ఒకే దారిన పోతే గడ్డి అటే వాలిపోతుందంట,
బంతి కూడా అటే పోతుందంట.

చెంగమ్మది కలుపు పని.
నలభై ఏళ్ళు కయ్యల్లో వంగి
ఊద పీకింది, తుంగ పీకింది,
గట్ల మీది గరికని వేళ్ళతో సహా తవ్వి ఎండలో పారేసింది.
వాన పడితే మళ్ళీ లేచేది. దాన్ని తిట్టని తిట్టు లేదు.
ఇప్పుడు ఆ గరికకే పదకొండు మందిమి నెలజీతగాళ్ళం.
దానికి ఎరువు, జల్లించిన ఇసక,
వారానికి రెండు మంచినీళ్ళ ట్యాంకర్లు.
బోరు నీళ్ళు ఉప్పు, తాగితే దాని కొసలు మాడతాయి.
మా వీధికి ట్యాంకరు ఒకటే.
"పోయిన జన్మలో ఏ దొరసానో ఇది" అంటుంది చెంగమ్మ,
దాని తల నిమిరి, నడుమ మొలిచిన తుంగని లాగేస్తా.

కార్తీకంలో వాయుగుండం పట్టి
నాలుగు రోజులు ఎవరూ ఆడలా, మేం కోయలా.
అయిదో రోజు ఏడో పచ్చిక మీద,
జెండాకి బారెడు దూరంలో,
మూడు ఆకులతో వరి.
ఏ ఇసక లారీలో వచ్చిందో,
ఏ పిట్ట జారవిడిచిందో,
కింద నుంచే లేచిందో.
మిషను ఆపి చెంగమ్మని కేకేశా.
ఏమంటుందో అని చూస్తా నిలబడ్డా.
ఆమె వంగింది,
ఊదని లాగినట్టే లాగి బుట్టలో ఏసింది.
ఆకు మొదలు ఒకసారి చూసి
"మొలగొలుకులు కాదులే" అంది, అంతే.
"ఎనిమిదోదానికి పద, ఎండెక్కతా ఉంది."

నాకే కాసేపు చెయ్యాడలా.

ఏడోది నాకు తెలిసిన నేల.
కయ్యలు పోయి రొయ్యల గుంటలు వచ్చినప్పుడు
ఇదే ఏడో గుంట.
రాత్రిళ్ళు బ్యాటరీ లైటుతో గట్టు మీద నా కాపలా,
ఏరియేటర్ చప్పుడు ఆగితే మెలకువ.
తెల్లమచ్చ తెగులొచ్చిన ఏడు
రొయ్యలన్నీ ఒక్క రాత్రిలో ఒడ్డుకి తేలితే
సున్నం చల్లి పూడ్చింది నేనే.

ఆదివారం పెద్దోళ్ళు ఆడే ముందు
జెండా గుంట చోటు మార్చాలి.
గుండ్రటి కత్తి దించి, తిప్పి, పైకి లాగితే
చెంబంత మట్టి ముద్ద.
పైన గరిక, అదే మూడు మిల్లీమీటర్లు.
దాని కింద బెత్తెడు ఇసక.
ఇసక కింద సున్నప్పొర, చాక్‌పీసుతో గీసినట్టు.
అడుగున నల్ల రేగడి.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఇంకా దమ్ము చేసిన కయ్య వాసన.

ఆ ముద్దని పాత గుంటలో దించి
మడమతో అదిమి, అంచుల వెంట మగ్గుతో నీళ్ళు పోశా.
రెండు రోజుల్లో గరిక కుట్టు వేసేస్తుంది.
ఎక్కడ తెగిందో సారుకి కూడా కనపడదు.

తొమ్మిదింటికి మొదటి కారు వచ్చింది.
ఆటగాళ్ళకి మేం కనపడకూడదు, అదొక రూలు.
పంపు షెడ్డు వెనక టీ తాగతా ఉంటే
చెంగమ్మ బుట్ట బోర్లించింది.
తుంగ, ఊద, పాయలాకు, ఆ మూడాకుల వరి.
మస్తాను మేక ముందు వరే తినింది.